బరువు తగ్గిన బాటరీ

కారు బాటరీని ఎత్తి చూచిన వారికి దాని బరువు తెలియును. పెట్టె చిన్నదే, కాని రెండు చేతులు కావలెను. దీనికి కారణము అందలి సీసము. అది నీటికంటె 11 రెట్లకు పైగా బరువైనది. ఈ బరువును తగ్గించుటకు జరిగిన కృషి ఒక చక్కని చరిత్ర.

సీసపు పలకలను గంధకికామ్లములో ముంచి, మరల మరల విద్యుత్తుతో నింపదగిన ఘటమును 1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే నిర్మించెను. 1899 ఏప్రిల్ 29న బెల్జియం దేశీయుడు కామిల్ జెనాట్జీ ఇట్టి ఘటములతో నడచు కారులో, పారిస్ చెంత, గంటకు 105 కిలోమీటర్లకు మించిన వేగమును సాధించెను. గంటకు నూరు కిలోమీటర్లు దాటిన మొదటి కారు అదియే. అయితే ఆ బండి బరువులో సుమారు సగము బాటరీలదే!

తరువాత పెట్రోలు ఇంజను పైచేయి అయినది. అయినను బాటరీ పోలేదు. 1912లో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కార్లలో చేరెను. ఇంజనును చేతితో త్రిప్పు శ్రమ తప్పెను.

ఇచట విద్యార్థులు ఒక విషయమును గమనింపవలెను. స్టార్టరునకు కావలసినది కొద్ది సెకనులపాటు వందల ఆంపియర్ల ప్రవాహము. కుండ చిన్నదైనను మూతి వెడల్పుగా ఉండిన చాలును. సీసపు బాటరీని అడుగంట వాడినచో పలకలు చెడును. కనుక అవసరమునకు మించిన సీసమును మోయవలసి వచ్చుచున్నది.

1991లో విపణికి వచ్చిన లిథియం-అయాన్ ఘటములు ఈ చిక్కును విడదీసినవి. లిథియం లోహములన్నిటిలో తేలికైనది. జర్మనీలోని పోర్షే సంస్థ 2010లో తన వేగపు కార్లకు ఇట్టి స్టార్టరు బాటరీని అందించెను. దాని శక్తి 18 ఆంపియర్-గంటలు. బరువు 6 కిలోగ్రాముల లోపు. 60 ఆంపియర్-గంటల సీసపు బాటరీకంటె అది 10 కిలోగ్రాములకు పైగా తేలిక.

లాభమెంత? ఆ కార్లలో ఒకటైన బాక్స్‌స్టర్ స్పైడర్ బరువు 1,275 కిలోగ్రాములు. అందు 10 తగ్గుట నూటికి ఒకటి కూడ కాదు. పందెములో సెకనులో భాగమునకు విలువ గలదు గాని, ఇంటి కారునకు అది లెక్కకు రాదు. పైగా ఖరీదు మిక్కుటము. గడ్డకట్టు చలిలో ఇంజనును కదలించుట ఆ బాటరీకి కష్టము. అందుచేత సంస్థవారు దానితోపాటు సీసపు బాటరీని కూడ ఇచ్చిరి!

కారునకు తేలికదనము ముచ్చట కావచ్చును. విమానమునకు అది అవసరము. 1977లో హైదరాబాదున ఆరంభమైన హెచ్.బి.ఎల్. సంస్థ మొట్టమొదట చేపట్టినది విమానముల బాటరీలనే. మన కొత్తవలస ఉన్న విజయనగరం జిల్లాలోనే, పూసపాటిరేగ మండలము కందివలసలో, ఆ సంస్థ కర్మాగారము కలదు.

కావున ఏ బాటరీ గొప్పది అని అడుగుట చాలదు. ఏ పనికి, ఏ వాతావరణములో, ఎంత ఖర్చుతో అని కూడ అడుగవలెను. తగ్గిన ప్రతి కిలోగ్రామునకును ఒక మూల్యము కలదు.