పాటల పెట్టె, దాని కాగితాలు

ఇంట్లో పాత గ్రామఫోను ఉందంటే చూడటానికి వచ్చేవాళ్లు మొదట హారన్ గురించే అడుగుతారు. ఇత్తడిదా, ఎంత పెద్దది అని. దానితో వచ్చిన కాగితాలు ఏమైనా మిగిలినాయా అని అడిగేవాళ్లు చాలా తక్కువ. మేము కొన్నేళ్లుగా పాత పాటల పెట్టెలు, వాటి కాగితాలు కలిపి పోగుచేస్తున్నాము. పెట్టె ఏ కంపెనీదో పెట్టే చెప్తుంది. అది ఎవరి ఇంట్లో, ఏ భాషలో పాడిందో చెప్పాల్సింది కాగితమే.

ముందు పేర్ల సంగతి. ఎడిసన్ 1877లో చేసింది ఫోనోగ్రాఫు. దానిలో పాట మొదట తగరపు రేకు మీద, తర్వాత మైనపు గొట్టం మీద పడేది. బెర్లినర్ 1887లో పేటెంటుకు పెట్టింది గ్రామఫోను, అంటే బల్లపరుపు ప్లేటు. మన ఇళ్లకు ఎక్కువగా వచ్చింది ఈ రెండోదే. అందరికీ తెలిసిన కుక్క బొమ్మ ఉంది కదా, ఫ్రాన్సిస్ బరాడ్ మొదట గీసినప్పుడు ఆ కుక్క ముందర ఉన్నది గొట్టం తిరిగే ఫోనోగ్రాఫే. 1899లో గ్రామఫోన్ కంపెనీ ఆ బొమ్మను కొంటూ, తమ మిషను వచ్చేలా దిద్దించింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉండే మాలాంటివాళ్లకు ఇది పాత వెర్షన్ మీద వేసిన ప్యాచ్ లాగే కనిపిస్తుంది.

అమెరికాలో విక్టర్ కంపెనీ మిషన్ల మీద ఒక లైసెన్సు చీటీ అంటించేవాళ్లు. డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకున్నా మిషను మీది కాదు, వాడుకునే హక్కు మాత్రమే మీది అని దాని సారాంశం. మా కంపెనీ ప్లేట్లు, మా ముళ్లే వాడాలి, మేము చెప్పిన ధరకే అమ్మాలి అని కూడా దాంట్లో ఉండేది. ఇప్పుడు ఫోనులో చదవకుండా 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కుతామే, దానికి ముత్తాత అన్నమాట. న్యూయార్కులో మాసీస్ అనే పెద్ద దుకాణం వాళ్లు దీన్ని లెక్కచేయలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి, 1917లో ఆ చీటీ చెల్లదని తీర్పు వచ్చింది. మిషన్ల మీద ఆ చీటీ చిరగకుండా మిగిలి ఉంటే, వస్తువు కొన్నవాడికి దాని మీద ఎంత హక్కు అనే గొడవ ఎంత పాతదో మన కళ్లతోనే చూడొచ్చు.

మన దేశంలో కథ 1902లో మొదలవుతుంది. గ్రామఫోన్ కంపెనీ తరఫున గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గొంతు రికార్డు చేసినాడు. ప్లేట్లు అచ్చయింది జర్మనీలోని హానోవర్‌లో. అక్కడి పనివాళ్లకు మన భాషలు తెలియవు. అందుకే పాట చివర ఆమె తన పేరు ఇంగ్లీషులో గట్టిగా చెప్పేది. కాగితం తారుమారైనా గొంతే లేబులుగా ఉండేది. తర్వాత 1908లో కలకత్తా సియాల్దాలోనే ఫ్యాక్టరీ పెట్టినారు. ప్లేటుకు కావలసిన లక్క ఎట్లాగూ మన దేశంలో పుట్టేదే.

ఆ గౌహర్ జాన్ చివరికి మన కర్ణాటకకే వచ్చింది. 1928లో మైసూరు ఆస్థానంలో చేరి, 1930 జనవరిలో మైసూరులోనే పోయింది. విక్రమ్ సంపత్ ఆమె జీవితం మీద పుస్తకం రాయడానికి కారణం మైసూరు ప్యాలెస్ దస్తావేజుల్లో దొరికిన ఆమె కాగితాలే. అంత పేరున్న గొంతు ప్లేట్లలో నిలిచి ఉన్నా, చివరి రోజులు ఎట్లా గడిచినాయో చెప్పడానికి కాగితాలే దిక్కయినాయి.

ఇక మామూలు ఇళ్ల సంగతి. మాది తరాలుగా కోలారు వైపు ఉన్న కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మా ఇంట్లో ఉన్నది హారన్ లేని హెచ్‌ఎంవి 102, చేతిపెట్టెలాగా మూసి పట్టుకుపోయే రకం. ఈ మోడలు 1931లో వచ్చింది. మూత తెరిచి, పక్కన కీ తిప్పి స్ప్రింగు బిగిస్తే చాలు, కరెంటు అక్కర్లేదు. ఊళ్లకు కరెంటు రాని రోజుల్లో అది చిన్న విషయం కాదు. పది అంగుళాల ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాలు వచ్చేది.

ఆ కాలంలో రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు తీసుకోవాల్సి ఉండేది. అందుకే చాలా ఇళ్లలో రేడియో లైసెన్సు పుస్తకం ఇప్పటికీ దొరుకుతుంది. గ్రామఫోనుకు అట్లాంటి సర్కారు కాగితం ఏదీ లేదు. బిల్లు, వాడే విధానం చెప్పే మడతకాగితం, ముళ్ల డబ్బా, ప్లేట్ల కవర్లు, పాటల పుస్తకాలు, నెలనెలా వచ్చే కొత్త ప్లేట్ల జాబితా, ఇవే మిగిలేవి. వీటిలో కవర్లను మాత్రం నమ్మకూడదు. ఏ ప్లేటు ఏ కవరులోకైనా దూరుతుంది. పాట ఏదో తేల్చుకోవాలంటే లేబులు మీది నంబరు, లేబులు పక్కన నల్లభాగంలో నొక్కిన నంబరు రెండూ చూడాలి.

మా ఇంట్లో అందరూ ఆ పెట్టెను 'ముత్తాత గ్రామఫోను' అనేవాళ్లు. ట్రంకులో దొరికిన బిల్లు మాత్రం ముత్తవ్వ పేరున ఉంది. 1939, బెంగళూరు కంటోన్మెంటులోని ఒక దుకాణం, మూడు వాయిదాలు. వాయిదా కట్టిన మూడుసార్లూ సంతకం ఆమెదే, కన్నడ అక్షరాల్లో. పట్టుగూళ్ల డబ్బు ఆమె చేతిలోనే ఉండేదని మా పెద్దత్త చెప్తుంది. ఆ డబ్బుతో ఆమె ఏం కొనిందో మాత్రం ఎవరూ చెప్పగా వినలేదు.

బిల్లు కింద ఒక నోటుపుస్తకం. ముత్తవ్వ కన్నడ బడిలో నాలుగో తరగతి దాకా చదివింది, తెలుగు అక్షరాలు రావు. తన దగ్గరున్న ప్రతి ప్లేటునూ కన్నడ లిపిలో తెలుగులో రాసిపెట్టింది. మొదటి పేజీల్లో కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలు, మధ్యలో టంగుటూరి సూర్యకుమారి పాడిన 'మా తెలుగు తల్లికి', తర్వాత ఘంటసాల 'పుష్పవిలాపం', చివర సినిమా పాటలు. పక్కన గుర్తులు కూడా పెట్టింది: ఏ ప్లేటు గీత పడింది, ఎవరు అడిగి తీసుకుపోయినారు, ఎవరు తిరిగి ఇయ్యలేదు. ముళ్ల డబ్బా మీద ఒక్కో వైపుకు కొత్త ముల్లు వాడమని ఉంటుంది. ఆమె లెక్కలో ఒక ముల్లు నాలుగు వైపులు. మా ప్లేట్లు ఎందుకంత గరగరమంటాయో అట్లా తెలిసింది.

ఇంకో వింత ఉంది. తెలుగులో 'చాలు' అన్నప్పుడు పలికే చ కన్నడలో లేదు. ఆమె ఆ చోటల్లా 'త్స' అని రాసింది, 'త్సాలు' అని. ఏ తెలుగు పాఠ్యపుస్తకం చూడకుండా తన చెవితో పట్టుకున్న తెలుగు అది. మేమూ కన్నడ మీడియమే కాబట్టి గడగడా చదివేసినాము. హైదరాబాదులో ఉన్న మా బంధువులకు ఫోటో పంపితే కన్నడ అనుకున్నారు. ఇక్కడ కన్నడ స్నేహితులకు చూపిస్తే అక్షరాలు చదివినారు గానీ అర్థం కాలేదన్నారు. ఇట్లాంటి పుస్తకం చదవగలిగేది మనలాంటి ఇళ్లవాళ్లే. మన తర్వాతి పిల్లలు ఇంగ్లీషు మీడియం.

పోయిన ఏడాది ఒక పాత సామాన్ల వ్యాపారి వచ్చి 102 మోటారుకు మాత్రమే ధర చెప్పినాడు. పెట్టె, కాగితాలు వద్దన్నాడు. దాని వెనక కథ ఇది. మార్కెట్లో మెరిసే ఇత్తడి హారన్ గ్రామఫోన్లలో చాలావరకు కొత్తగా చేసినవి. కొత్త చెక్కపెట్టె, కొత్త హారన్, కుక్క బొమ్మ బిళ్ల, లోపల మాత్రం ఇట్లాంటి చేతిపెట్టెల నుంచి పీకిన మోటారు. హారన్ మీద మోజుతో నిజమైన పాత పెట్టెలు విప్పి పారేస్తున్నారు. పెట్టె పోయిన రోజే దాని కాగితాలు రద్దీలోకి పోతాయి. అవెన్యూ రోడ్డులో పాత పుస్తకాల కట్టల మధ్య తెలుగు పాటల పుస్తకాలు మాకు అట్లాగే దొరికినాయి. ఒకదాని మీద పెన్సిలుతో ఎవరిదో పేరు కూడా ఉంది.

మేము 102ను అమ్మలేదు. మీ ఇంట్లో ఇట్లాంటివి ఉంటే కాగితాలకు లామినేషన్ చేయించకండి, ఆ వేడికి అతుక్కున్నది మళ్లీ ఊడదు. సెలోటేపు కూడా వద్దు, కొన్నేళ్లకు పచ్చమరక మిగులుతుంది. రెండు వైపులా ఫోటో తీసి, ఏ పెట్టెతో ఉండిందో వేరే చీటీ మీద రాసి పక్కన పెట్టండి.

ముత్తవ్వ నోటుపుస్తకంలో మొత్తం అరవై నాలుగు ప్లేట్ల పేర్లు ఉన్నాయి. మా దగ్గర ఇప్పుడున్నవి పంతొమ్మిది. 'తిరిగి ఇయ్యలేదు' అని రాసిన చోట ఏడు ఇంటిపేర్లు ఉన్నాయి, వాటిలో మూడు చింతామణి వైపువి. ఆ ఇళ్లవాళ్లెవరైనా ఇది చదువుతుంటే అటక మీద ఒకసారి చూడండి. ప్లేట్లు మీరే ఉంచుకోండి, లేబుల్ ఫోటో పంపితే చాలు.