బాతు నూగు – పాలియెస్టరు నార

1922లో ఎవరెస్టు నెక్కబోయిన బ్రిటిషు బృందములో జార్జి ఫించ్ అను రసాయనశాస్త్రజ్ఞుడు, బెలూను గుడ్డలో ఈడర్ బాతు నూగు కూరి కుట్టించిన కోటు తెచ్చుకొన్నాడు. ఉన్ని దుస్తుల సహచరులు దానిని చూచి నవ్వారు. మంచుగాలి వీచిననాడు ఆ నవ్వులు ఆగిపోయి, అసూయ మొదలైనది!

నిజమునకు చలినాపునది నూగు కాదు. దాని పోగులలో చిక్కి కదలకుండు గాలి. నూగు తడిసి ఉండకట్టినచో గాలికి చోటుండదు. బాతు సైతము తన నూగును నూనె పూసిన పైయీకల క్రింద దాచుకొనును గదా! వానలో నిద్రించు సైనికునికి ఆ రక్షణ లేదు. అందుచేత అమెరికా సైన్యముకొరకు 1980 దశకములో, తడిసినను పొంగు తగ్గని సన్నని పాలియెస్టరు నార, ప్రైమాలాఫ్ట్, తయారైనది.

నేడు బొంతను వీపున మోసుకొని కొండలెక్కువారు పొడిచలికి తేలికయైన నూగునే కోరుదురు. వానలున్నచోట, బరువు కొంత హెచ్చైనను, నారను ఎన్నుకొందురు.