నోటికి పట్టనంత

లైటు వేయకండి. చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేసి, గోడవారగా వచ్చి ఈ పీట మీద కూర్చోండి. అడుగుల అదురు తగిలినా ఇవి బెదురుతాయి. తెల్లవారుజామున ఐదు కావస్తోంది. రాత్రంతా కూకట్‌పల్లి మీద వాన దంచింది. బాల్కనీ రేకు అంచు నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి.

మే నెలంతా ఈ ఫిష్ ట్యాంకులో నీళ్లు 31 డిగ్రీల దగ్గరే ఉన్నాయి. ఇప్పుడు అద్దానికి అంటించిన థర్మామీటరు 25 చూపిస్తోంది. రాత్రి వాన మొదలవగానే మూడో వంతు నీళ్లు తోడేసి, చల్లటి నల్లా నీళ్లు పోశాను. క్లోరిన్ విరగడానికి బకెట్లలో ముందే హైపో పలుకులు వేసి ఉంచాను. నేను చేసింది అంతే, మిగతాది వాన చూసుకుంది.

ట్యాంకు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర లోతు. నిండా పోస్తే 190 లీటర్లు. పైన నాలుగు ఏంజెల్ చేపలు గాలిలేని పూట జెండాల్లా నిలువుగా వేలాడుతున్నాయి. ఒక్కొక్కటీ అరచేయంత ఉంది. వాటిని వదిలేసి కిందికి, ఇసుక దగ్గరికి చూడండి. బొటనవేలంత పొడవు, రాగిచెంబు అడుగులాంటి మెరుపు, మూతికి పొట్టి మీసాలు. ఇవి కోరీలు, పూర్తి పేరు కోరీడోరస్. గ్రీకులో ఆ మాటకి శిరస్త్రాణం, తోలు అనే అర్థాలున్నాయి. ఒంటికి రెండు వైపులా రెండేసి వరసల ఎముక పలకలు, కవచం తొడిగినట్టు. ఈ కంచు రంగు రకానికి 1858లో థియొడోర్ గిల్ అనే అమెరికా శాస్త్రవేత్త ట్రినిడాడ్ చేపల్ని చూసి పేరు పెట్టాడు. దక్షిణ అమెరికా నదుల్లోనూ ఉంటాయి. నేను మాత్రం ఆరింటిని షాపులో కొనుక్కొచ్చాను. చెన్నై కొళత్తూరులో పెరిగినవని షాపతను చెప్పాడు.

ఇప్పుడు చూడండి, లావుపాటి ఆడది ముందు, వెనకాల మూడు మగవి. అద్దం వెంట పైకీ కిందికీ పరుగు. ఒక మగది ఆగి అడ్డంగా పక్కకు ఒరిగింది. ఆడది వచ్చి దాని పొట్ట దగ్గర మూతి ఆనించింది. పైనుంచి చూస్తే రెండూ కలిసి ఇంగ్లీషు టీ అక్షరం. అలా ఐదారు సెకన్లు నిలబడిపోయాయి. ఈ గుట్టు 1995లో జపాన్ పరిశోధకులు విప్పారు. ఆడది మగదాని బీజద్రవాన్ని నోటితో తాగేస్తుంది. అది పేగుల గుండా జారి, పొట్ట కింది రెక్కల దగ్గర బయటికొచ్చి గుడ్లను తడుపుతుంది. ఆ రెక్కల్నే చూడండి, ప్రసాదం పట్టడానికి పెట్టిన దోసిలిలా ముడిచింది. అందులో మూడు గుడ్లున్నాయి. అద్దం మీద ఒక చోటు మూతితో నాకి శుభ్రం చేసింది. పొట్ట ఆనించి నొక్కింది. వెళ్లిపోయింది. అద్దానికి మూడు సగ్గుబియ్యం గింజలు అతుక్కున్నాయి.

పై నుంచి ఒక జెండా కిందికి దిగింది. టక్, టక్, టక్. మూడూ పోయాయి.

ఏంజెల్ అని పేరు పెట్టినవాడెవడో గానీ, దీన్ని తిండివేళ చూసి ఉండడు.

ఇక కూర్చుంటే అంతకుముందు పెట్టినవీ మిగలవు. నేను చొక్కా చేయి పైకి మడిచి ట్యాంకులోకి చేయి పెడుతున్నాను. గుడ్డు పెట్టిన వెంటనే ముట్టుకుంటే చితుకుతుంది. అరగంట, గంట ఆగితే పెంకు గట్టిపడుతుంది. అప్పుడు వేలి కొసతో దొర్లిస్తే వేలికే అంటుకుని వస్తుంది. అద్దం మూలల్లో ఉన్నవాటిని గడువు తీరిన ఏటీఎం కార్డుతో లేపుతున్నాను. ఏంజెల్ ఒకటి నా ముంజేతిని పొడుస్తోంది. నొప్పి లేదు, దాని కోపం మాత్రం తెలుస్తోంది.

"పొద్దున్నే ఏంట్రా ఆ గాజుతొట్టిలో చెయ్యి?" అమ్మ లేచింది.

"జెల్లలు గుడ్లు పెట్టాయమ్మా."

అమ్మ కళ్లజోడు పెట్టుకుని వంగి చూసింది. కొల్లేటి పక్క ఊళ్లో పుట్టిన మనిషి. జెల్లలు, వాలుగలు, ఇంగిలాయిలు చేతులారా కడిగి పులుసు పెట్టిన మనిషి. "జెల్లలంటే జెల్లలే. మీసాలున్నాయిగా. తొలకరి పడిందంటే మా కాలవల్లో నీటికి ఎదురెక్కేయిరా ఇలాంటివే, గుడ్లతో. వీటికీ వాన తెలిసిపోయిందన్న మాట, మూడో అంతస్తులో కూడా!" అని, కాఫీ పెట్టడానికి వెళ్లింది.

లెక్కపెడితే 63 గుడ్లు మిగిలాయి. వాటిని ఈ ప్లాస్టిక్ బ్రీడర్ బాక్సులో వేసి, అదే ట్యాంకులో పై అంచుకి తగిలించాను. విడిగా టబ్బులో పెట్టొచ్చు కదా అని మీరు అడగబోతున్నారు. పోయినసారి అదే చేశాను. చిన్న టబ్బులో నీళ్లు ఒక్క పూటలో వేడెక్కుతాయి, ఒక్క పూటలో చెడిపోతాయి. 190 లీటర్లు అంత తొందరగా చెడవు. అందుకే ఒకే నీళ్లు, మధ్యలో ఒక పల్చటి గోడ. గోడ అవతల ఆ నాలుగూ వరసగా నిలబడి లోపలికి చూస్తున్నాయి, మిఠాయి కొట్టు ముందు పిల్లల్లా.

బాక్సులో తేలుతున్నది బాదం ఆకు. మన వీధి బాదం చెట్టుదే, ఎండి రాలింది. నాననిస్తే నీళ్లు పలచటి టీ డికాషన్ రంగుకు వస్తాయి. గుడ్లకు బూజు పట్టకుండా అది కొంత కాస్తుంది. షాపులో ఇదే ఆకును ప్యాకెట్లో పెట్టి అమ్ముతారు. కింద ఊడ్చే ఆవిడ ఊరికే ఇస్తుంది.

నాలుగో రోజు రాత్రి మళ్లీ రండి. ఈ భూతద్దం పట్టుకోండి. పాలలా తెల్లబడి నూగు పట్టినవి పదిహేను గుడ్లు, డ్రాపర్‌తో ఏరేశాను. ఉంచితే ఆ బూజు పక్కవాటికి పాకుతుంది. తక్కినవి తేనె రంగుకు తిరిగాయి. ఆ చివరి గుడ్డులో కదలిక ఉంది చూడండి. తోక ముందు బయటికొచ్చింది. తల లోపలే. పెంకును టోపీలా మోసుకుంటూ గింగిరాలు కొట్టి, విదిలించుకుని, అడుగున పడింది. ఆరు మిల్లీమీటర్లు ఉంటుందేమో. రెండు నల్లటి చుక్కలు, పొట్ట కింద సొన సంచి, మిగతా అంతా గాజు.

మూడు రోజులు ఆ సొనే దాని అన్నం. ఆ తర్వాత పని నాది. వంటింటి గట్టు మీద తలకిందులుగా వేలాడుతున్న ఆ సీసాలో లీటరు నీళ్లు, 25 గ్రాముల కల్లుప్పు, చిటికెడు ఆర్టీమియా గుడ్లు ఉన్నాయి. మన కోస్తాలో రొయ్యల హేచరీలు పిల్లరొయ్యలకు పెట్టే మేతే ఇది. కింది నుంచి గాలి బుడగలు ఆడుతూ ఉంటే, ఈ వేడికి 24 గంటల్లో పొదుగుతాయి. ఇప్పుడు గాలి ఆపేస్తున్నాను. పొట్టు పైకి తేలింది. సీసా మూతి దగ్గర సెల్‌ఫోన్ లైటు పెట్టండి. నారింజ రంగు పొడి ఒకటి ఆ వెలుగులోకి వచ్చి చేరుతోంది కదా, ఆ పొడి మొత్తం ప్రాణం ఉన్నదే. పల్చటి గుడ్డలో వడగట్టి, ఉప్పు పోయేలా కడిగి, రెండు చుక్కలు బాక్సులో వేయండి. చూడండి, గాజు పొట్టలు ఒక్కొక్కటే నారింజ రంగుకు తిరుగుతున్నాయి. పొట్ట నిండిందో లేదో ఇంత స్పష్టంగా ఏ తల్లికీ కనపడదు.

ఇందులో కష్టం తిండి పెట్టడంలో ఉందనుకుంటారు చాలామంది. తిన్నాక మిగిలినది తీయడంలో ఉంది. ఇవి రోజంతా అడుగున పొట్ట ఆనించి పడుకునేవి. చచ్చిన ఆర్టీమియా ఒక రాత్రి అక్కడ కుళ్లితే పొద్దున్నకి మీసాలు కరిగి ఉంటాయి, సాయంత్రానికి చేపే ఉండదు. రోజుకి రెండుసార్లు డ్రాపర్‌తో అడుగంతా తుడవాలి. నేను ఒక ఆదివారం పెళ్లికెళ్లి ఒక పూట మానేశాను. తిరిగొచ్చేసరికి పది పోయాయి.

పద్దెనిమిదో రోజు. రాత్రి తొమ్మిదిన్నర. ఉరుముకి కిటికీ అద్దాలు అదిరాయి. కరెంటు పోయింది. ముందు ఫ్యాను ఆగింది, వెంటనే బుడగల చప్పుడు. ఈ ఇంట్లో నిశ్శబ్దం అంటే మాకు అదే. టార్చి పట్టుకోండి. పెద్ద కోరీలు అప్పుడే తెలివి చూపిస్తున్నాయి. ఒకటి ఇసుక మీది నుంచి బాణంలా పైకి లేచి, నీటి మట్టం దగ్గర గాలి గుటక వేసి మళ్లీ కిందికి. మింగిన గాలిలోని ఆక్సిజన్‌ని ఇవి పేగులతో పీల్చుకోగలవు. ఎండాకాలం కుంటల్లో బతికే విద్య. పిల్లల బాక్సులో నీళ్లు తిరగడానికి మాత్రం ఆ బుడగలు వదిలే ఎయిర్ స్టోనే దిక్కు. మా పాప స్టీలు గ్లాసుతో ట్యాంకు నీళ్లు ముంచి, జానెడు ఎత్తు నుంచి సన్నటి ధారగా బాక్సులోకి పోస్తోంది. తర్వాత నేను. తర్వాత అమ్మ, "మీ తాతకి కూడా ఇంత సేవ చెయ్యలేదురా" అంటూ. రెండు గంటల తర్వాత కరెంటు వచ్చింది. ఆ మర్నాడే బ్యాటరీ పంపు కొన్నాను.

ఇరవై నాలుగో రోజు జరిగింది చెప్పడానికి ఇష్టం లేదు గానీ, మీరు ఇక్కడే ఉన్నారు కాబట్టి చూశారు. బాక్సు మూత సరిగ్గా పడలేదు. సెంటీమీటరు పిల్ల ఒకటి గాలి గుటకకి ఎగిరి, అంచు దాటి అవతల పడింది. ఈదుతూ కిందికి దిగుతోంది, తోవ తప్పినట్టు కూడా లేదు. ఏంజెల్ దాని వైపు తిరిగింది. తరమలేదు, మీద పడలేదు. నోరు తెరిచింది, నీళ్లతో పాటు లోపలికి లాగేసింది. ఒక క్షణం కూడా పట్టలేదు.

"చెడ్డ చేప!" పాప ఏడుపు.

"చెడ్డదేంటే అమ్మడూ," అంది అమ్మ. "నోట్లో పట్టింది, తినేసింది. పిల్లి అయినా అంతేగా."

నేను ఆ రాత్రి ఒక పిచ్చి పని చేశాను. ఏంజెల్ గుళిక తింటున్నప్పుడు అద్దానికి స్కేలు ఆనించి, ఫోన్లో ఫొటో తీశాను. మూసి ఉన్నప్పుడు మినపగింజంత కనిపించే నోరు, తెరిస్తే గొట్టంలా ముందుకు సాగి సెంటీమీటరు దాటుతోంది. అప్పటిదాకా నేను పిల్లల్ని రోజులతో లెక్కపెడుతున్నాను. నెల అయితే వదలొచ్చు, నెలన్నర అయితే వదలొచ్చు అని. లెక్క పెట్టాల్సింది ఆ నోటిని.

ఇంకో మెలిక ఉంది. అమ్మ కుడిచేతి చూపుడువేలు చూడండి, కణుపు దగ్గర చిన్న తెల్ల మచ్చ. ఏనాడో జెల్ల ముల్లు దిగిన గుర్తు. కోరీలకూ వెన్ను మీద ఒకటి, చెంపల వెనక రెక్కలకు ఒక్కొక్కటి, మూడు ముళ్లు. బెదిరితే వాటిని నిటారుగా విప్పి గొళ్లెం పెట్టినట్టు బిగిస్తుంది. సెంటీమీటరు పిల్లకి ఆ ముళ్లు ఇంకా మెత్తన. మింగిన చేపకి తెలియను కూడా తెలియదు. రెండు సెంటీమీటర్ల పిల్ల అలా కాదు, నోట్లో దూరుతుంది, గొంతులో దిగదు, ముళ్లు బిగుసుకుంటే వెనక్కి రాదు. అప్పుడు రెండూ పోతాయి. పెద్ద చేపలతో కోరీలను కలిపి పెంచేవాళ్లు భయపడేది ఆ మధ్య సైజుకే. కాబట్టి ఈ అడ్డుగోడ పిల్లల కోసమే అని ఇక నేను అనుకోవడం లేదు.

బాక్సు ఇరుకైపోయింది. ట్యాంకు ఎడమ చివర అడుగు మేర ప్లాస్టిక్ జాలీ నిలబెట్టి, పిల్లల్ని అటు వదిలాను. కింద పల్చటి మెత్తటి ఇసుక. గరుకు గులకరాళ్లైతే తవ్వి తవ్వి మీసాలు అరిగిపోతాయి. ఏంజెల్స్‌కి రెండడుగులే మిగిలాయి. వారం రోజులు అలిగి మూల నిలబడ్డాయి. జూలై, ఆగస్టు అలా గడిచాయి. వాటిలో చెప్పడానికి ఏమీ లేదు. తిండి, తుడుపు, వారానికి రెండుసార్లు నీళ్లు. పిల్లలకి ముందు మచ్చలు వచ్చాయి, తర్వాత మచ్చలు పోయి రాగి మెరుపు వచ్చింది. రోజూ చూస్తే తెలియదు.

ఇప్పుడు సెప్టెంబరు, రాత్రి ఎనిమిది. వీధి చివర వినాయకుడి మండపం మైకు మోగుతోంది. పిల్లలు మూడు సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉన్నాయి. రెండు మరీ గిడసబారాయి. వాటిని మళ్లీ బాక్సులోకి ఎత్తాను. ఏంజెల్స్‌కి ఇప్పుడే కడుపునిండా పెట్టాను, వాటి పొట్టలు గుండ్రంగా ఉన్నాయి. ట్యాంకు లైటు ఆర్పాను. హాల్లో బెడ్‌లైటు ఒక్కటే. జాలీని ఒక మూల మెల్లగా పైకి లేపుతున్నాను. మీరు ఊపిరి బిగబట్టక్కర్లేదు, నేను బిగబట్టాను చాలు.

ఎవ్వరూ కదల్లేదు. తర్వాత పెద్ద ఆడ కోరీ ఇసుక మూతితో దున్నుకుంటూ జాలీ కింది నుంచి అటు వెళ్లింది, అటు వాళ్లని పట్టించుకోకుండా తిరిగి ఇటు వచ్చేసింది. దాని వెనకే ఒక పిల్ల. దాని వెనక ఇంకోటి. తర్వాత గుంపు మొత్తం, బడి వదిలినట్టు. పెద్ద ఏంజెల్ కిందికి దిగింది. ముందున్న పిల్ల మీదికి వంగింది. నోరు సాచి దాని వీపు దగ్గర ఒక్కసారి ఆనించింది. పిల్ల బిగుసుకుని ముళ్లు విప్పింది. ఏంజెల్ నోరు ముడుచుకుని వెనక్కి జరిగింది. ఇంకో పిల్ల దగ్గరికి వెళ్లింది, ఇంకోసారి కొలిచి చూసింది. అటు తిరిగి, పైకి తన చోటికి వెళ్లిపోయింది.

"ముప్ఫై నాలుగు, ముప్ఫై అయిదు," పాప అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెడుతోంది. "నానమ్మా, ముప్ఫై ఏడుండాలిగా. బాక్సులో రెండు."

"అయితే సరిపోయిందిగదే."

ఇసుక మీది నుంచి ఒక పిల్ల విడిగా లేచింది. నిట్టనిలువుగా, ఏంజెల్ మూతికి అంగుళం దూరంలోంచి దూసుకుపోయి, పైన గుటకేసి, అదే దారిన దిగి గుంపులో కలిసిపోయింది.