గిద్దలూరు తుపాకులు, కట్టుబడి బంట్లు

పింఛనుదారులమైన మనకు ఈ చరిత్ర కొంచెం దగ్గరిది. 1846లో గిద్దలూరు వైపు తుపాకులు పేలడం వెనుక ఒక పింఛను తగాదా ఉంది.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కుంఫిణీ ప్రభుత్వం నెలకు 11 రూపాయల చిల్లర ఇచ్చేది. తాతగారైన నొస్సం పాలెగారు జయరామిరెడ్డి తరఫు పింఛను ఆగిపోయినపుడు అందులో తనకు భాగం రావాలని ఆయన అడిగాడు. కుంఫిణీ కుదరదంది.

అది ఒక్క మనిషి గొడవ. మరి వందల మంది ఆయన వెంట ఎందుకు నడిచారు? వారిలో చాలామంది కట్టుబడులు. ఊరి కాపలాకూ, పాలెగారు పిలిస్తే పోరుకూ వెళ్ళే బంట్లు. నెల జీతానికి బదులు మాన్యం అనుభవించేవారు. కుంఫిణీ ఆ మాన్యాల మీద చెయ్యి వేసింది. నా మటుకు అసలు కథ ఇదే.

పాలెగాళ్ళ బంట్ల ఆయుధాలు కత్తి, బరిసె, వత్తి తుపాకి. గొట్టంలో మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి, రాజుకున్న వత్తితో పేల్చాలి. వాన పడితే వత్తి ఆరిపోతుంది. దండు కదిలింది జూలైలో! కోయిలకుంట్ల ఖజానా మీద పడి, తరువాత ఆనాటి కంభం తాలూకాలోని గిద్దలూరు వైపు వచ్చింది. లెఫ్టినెంట్ వాట్సన్ పటాలంతో పోరాడి నల్లమలలోకి జారుకుంది. అక్టోబరు 6న నరసింహారెడ్డి పేరుసోముల కొండల్లో పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. తలను 1877 దాకా కోట గుమ్మాన వేలాడనిచ్చారు.

సరిగ్గా రెండేళ్ళ ముందు, 1844లో, ఫ్రాన్సులో అలెగ్జాండర్ డ్యూమా 'త్రీ మస్కటీర్స్' నవల వెలువడింది. మస్కటీరు అంటే తుపాకి బంటు. నవలలో మాత్రం వాళ్ళ చేతిలో ఎక్కువగా కత్తే! 2019లో వచ్చిన మన 'సైరా' సినిమాలోనూ కత్తిదే జోరు. గుర్రం మీద కత్తి చూడముచ్చటగా ఉంటుంది. వత్తి ఊదుకుంటూ పొద వెనుక కూర్చున్న బంటును ఎవరు చూస్తారు?

నరసింహారెడ్డి పాటలకెక్కాడు. 2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. అనుచరుల్లో వడ్డె ఓబన్న పేరు నిలిచింది. శిక్షలు పడిన వంద మందికి పైగా బంట్లను తలచేవారు లేరు.

మన సభ్యుల్లో రెవెన్యూ శాఖలో చేసినవారున్నారు. గిద్దలూరు, కంభం, మార్కాపురం పాత ఇనాం రిజిష్టర్లలో 'కట్టుబడి' అన్న మాట చూసి ఉంటే, ఏ ఊరో, ఏ ఇంటిపేరో రాసి పంపగోరుతున్నాను.