నారింజకు విడిది, కరివేపాకుకు కిటికీ

ముందొక నేరం ఒప్పుకొని ఆ తర్వాత చరిత్రలోకి వెళతాను. 2018 శీతకాలంలో షికాగో దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఉండగా ఒక కరివేపాకు మొక్కను చేతులారా చంపాను. 2009లో మా ఇంటావిడ ఆ దేశం వెళ్లిన ఒకే ఒక్క పర్యాయం, తెలిసిన తెలుగువారింటి నుంచి పిలక తెచ్చి తొట్టిలో నాటింది. మరి రెండేళ్లకు ఆవిడ లేదు, మొక్క ఉంది. వేసవి అంతా పెరట్లో ఎండకు, అక్టోబరులో తొలి మంచు పడకముందే ఇంట్లోకి. ఈ విధంగా తొమ్మిది శీతకాలాలు దాటించింది అమ్మాయి. పదవది నాకు అప్పగించింది.

నేను చేసిందల్లా గారాబం చేయడమే. వేడిగాలి వచ్చే జాలీ పక్కన తొట్టి పెట్టి, రోజూ స్నానం కాగానే చెంబెడు నీళ్లు పోశాను. సంక్రాంతికి ఆకంతా రాలింది. రాలిన కొద్దీ మరికాస్త పోశాను. మాఘమాసంలో పెళ్లగించి చూస్తే వేళ్లు నల్లబడి మురుగు వాసన కొట్టాయి. అమ్మాయి ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధించింది.

చలిదేశాల వారు వెచ్చని దేశాల మొక్కలను ఎలా బతికించుకున్నారా అని అప్పుడు చదవడం మొదలుపెట్టాను. చదివిన కొద్దీ తెలిసింది, నా తప్పుకు మూడు వందల ఏళ్ల వంశవృక్షం ఉందని.

ఐరోపాలో ఈ కథకు నాయిక నారింజ. అరబ్బుల వెంట సిసిలీ, స్పెయిన్ చేరిన పుల్లనారింజ అక్కడి నుంచి ఉత్తరపు రాజులను మోహపెట్టింది. ఆకు రాల్చని చెట్టు, ఒకే కొమ్మన పువ్వూ పండూ. మంచుదేశంలో అంతకన్న వైభవం ఏముంటుంది? కానీ ఆరుబయట బతకదు. పదిహేడవ శతాబ్దపు తొలి పాదంలో జర్మనీలోని హైడెల్‌బర్గు కోట తోటలో సాలొమోన్ ద కౌస్ అనే శిల్పి నేలలో నాటిన నారింజల మీద ఏటా చలికాలానికి కొయ్య ఇల్లు కట్టించి, వసంతంలో విప్పించేవాడు. చెట్టు చుట్టూ ఇల్లు కదిలింది. తర్వాతి వారికి చెట్టునే తొట్టిలో పెట్టి కదిలించడం సుళువనిపించింది.

ఆ పద్ధతికి పరాకాష్ఠ వెర్సాయి. పదునాలుగవ లూయీ మోజు ఎంతటిదంటే, 1661లో తన కోశాధికారి ఫూకేను ఖైదు చేయించాక, అతని తోటలోని నారింజ చెట్లను కూడా తన తోటకు తరలించుకున్నాడు. అద్దాల మందిరంలో వెండి తొట్లలో నారింజలు పెట్టించాడు. 1689లో యుద్ధపు ఖర్చుకు ఆ మందిరపు వెండి సామాను కరిగించారు. చెట్ల శీతకాలపు విడిది మాత్రం నిలిచింది. 1684, 1686 మధ్య మాన్సార్ కట్టిన ఆ భవనం నడిమి మంటపం పొడవు నూటయాభై మీటర్లకు పైనే, కప్పు ఎత్తు 13 మీటర్లు. దక్షిణానికి తెరిచిన పెద్ద కిటికీలు, రెండు పొరల అద్దాలు, మందమైన గోడలు. నేటికీ వెయ్యికి పైబడిన తొట్లు – నారింజ, నిమ్మ, దానిమ్మ, గన్నేరు – చలికి లోపలికి, వేసవికి బయటికి వస్తాయి. తొట్టి పక్కపలకలు ఊడదీసే వీలుండేట్టు చేస్తారు, వేళ్లు చూసి మట్టి మార్చడానికి. ఈ ఏర్పాటు నాకెంత నచ్చిందో చెప్పలేను. నా తొట్టికి పలకలు ఉండి ఉంటే ముందే చూసేవాణ్ణి కదా!

నన్ను నిలవేసిన సంగతి వేరొకటి. ఆ మంటపంలో శీతకాలంలో వేడి 5 నుంచి 8 డిగ్రీలు మాత్రమే. గడ్డకట్టనివ్వదు, అంతే. మసక వెలుతురులో చెట్టు ఆహారం తయారు చేసుకోలేదు. చల్లగా ఉంచితే ఖర్చూ తగ్గించుకొని నిద్రపోతుంది. వెచ్చగా ఉంచితే మెలకువతో ఆకలికి మాడుతుంది. నిద్రలో ఉన్నది నీరు తాగదు. తాగని నీరు మట్టిలో నిలిచి వేళ్లకు గాలి ఆడనివ్వదు. వెచ్చదనం, చీకటి, తడి – ఈ మూడూ కలిపి పెట్టిన ఘనుణ్ణి నేను.

అయితే వారు మాత్రం పుట్టుకతో నేర్చారా? లోపల బొగ్గుల కుంపట్లు పెట్టి, పొగతో, తాజాగాలి లేక చెట్లను ఉక్కిరిబిక్కిరి చేసిన తరం ఒకటుంది. ఇంగ్లండులో జాన్ ఈవ్లిన్ 1664లో తోటపనికి నెలల పంచాంగం అచ్చువేశాడు. 1685లో లండను చెల్సీ ఔషధవనంలో నేల కింద పొయ్యి పెట్టి వెచ్చజేయడం చూసి ఆశ్చర్యపడ్డాడు. 1691 ముద్రణకు వచ్చేసరికి పొయ్యిని గది బయట పెట్టి, కొత్తగాలిని గొట్టాలలో వేడెక్కించి లోపలికి పంపే నమూనా ఇచ్చాడు. ఇక వెలుతురు మాటకు వస్తే, అక్కడ అద్దం మీద 1746లో పడిన సుంకం 1845లో గాని పోలేదు. ఆ తర్వాతే కదా సామాన్యుడి కిటికీకి మంచి అద్దం, దాని పక్కన కుండీ!

భాషాపండితుణ్ణి గనుక ఒక్క మాట. ఈ విడిదిని ఫ్రెంచివారు ఒరాంజెరీ అంటారు. ఒరాంజ్ అన్నది అరబ్బీ నారంజ్, పారసీక నారంగ్, సంస్కృత నారంగ శబ్దాల వారసురాలు. దాని మూలం ద్రావిడమని పెక్కుమంది పండితుల మతం. మన నారింజ, లూయీ గారి ఒరాంజ్ ఒక ఇంటి ఆడపడుచులన్నమాట. అంతేకాదు, శాస్త్రం ప్రకారం నారింజా కరివేపాకూ ఒకే కుటుంబం. మారేడూ వెలగా కూడా అందులోవే.

కరివేపాకు శాస్త్రనామంలో ఉన్న కోనిగ్ ఎవరనుకున్నారు? 1771లో లిన్నేయస్ తన శిష్యుడి మీద పెట్టిన పేరు. ఆ యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1768లో తమిళదేశపు తరంగంబాడికి వచ్చి, దక్షిణాదిన మొక్కలు సేకరిస్తూ తిరిగి, 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు. ఏళ్ల తరబడి ఆ జగన్నాథపురం వంతెన దాటి బడికి వెళ్లినవాణ్ణి, పోపులో వేసే ఆకు పేరులో ఉన్న మనిషి అక్కడే పోయాడని నాకు తెలియదు. పిల్లలకూ చెప్పలేదు.

మా ఇంటావిడ మొక్క వంశం అంతరించలేదు. 2015లో అమ్మాయి దాని పిలకనొకటి స్నేహితురాలికి ఇచ్చిందట. 2019 వేసవిలో ఆ ఇంటి నుంచి తిరుగు పిలక వచ్చింది. నారింజంత చలి కరివేపాకు ఓర్వదు గనుక ఈసారి తొట్టి స్థానం వేడిగాలికి దూరంగా, దక్షిణపు కిటికీ పక్కన. ఆకు కొంత రాలుతుంది, ఎవరూ కంగారుపడరు.

"నాన్నగారూ, మీరు ఆదివారం ఒక్కరోజే వేలు గుచ్చి చూడండి. రెండు కణుపుల లోతున పొడిగా ఉంటేనే నాకు చెప్పండి, నేను పోస్తాను" అంటుంది అమ్మాయి. నేను అక్కడున్న చలికాలాల్లో ఆదివారం కోసం ఎదురుచూస్తూ ఉంటాను. చెంబు మాత్రం నా చేతికివ్వదు.