వక్త చెవి



రేడియో చరిత్రము చెప్పువారు సాధారణముగా నోటి చరిత్రమునే చెప్పుదురు. ఎవరు మొదట మాటాడిరి, ఆ మాట యెంత దూరము వినబడినది, ఏ సంవత్సరమున నే కేంద్రము వెలసినది యని లెక్క వేయుదురు. నేడు నేను చెవి చరిత్రము చెప్పదలచితిని. వినువారి చెవి కాదు, మాటాడువాని చెవి. మైకు ముందు గూర్చున్నవానికి “ఇక మొదలుపెట్టుడు”, “రెండు నిమిషములే యున్నవి”, “అవతల నొక రైతు ప్రశ్న యడుగుచున్నాడు” అని తెలుపు నేర్పాటు ఎట్లు కలిగినది, అది యెట్లు పనిచేయును, దానివలన మన మెట్టసీమకు గలిగిన మేలేమి యనునదే ప్రస్తుత విషయము.

నేను ముప్పది యేండ్లకు పైగా బడిలో పాఠము చెప్పినవాడను. పాఠమును నడపునది నల్లబల్ల కాదు, పిల్లల ముఖములు. వెనుక వరుసలోని పిల్లవాడు కనుబొమలు ముడిచినచో, చెప్పిన సంగతినే వేరొక విధముగా మరల చెప్పవలసివచ్చును. ఎదుటివారి మనస్సు వక్తకు దెలియు త్రోవ మూసికొనిపోయినచో ప్రసంగము వల్లెవేసిన పాఠముగా మారిపోవును.

ఈ త్రోవను మన పెద్దలు బాగుగా నెరిగియుండిరి. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట నేటికిని సజీవముగా నున్నది. ఆ యూరి కళాకారులైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది. తెరవెనుక బొమ్మ నాడించువాడే మాట చెప్పును, పాట పాడును. వాని రెండు చేతులును బొమ్మ పుల్లలయందే యుండును గనుక సైగ చేయుటకు చేయి మిగులదు. అందుచే కాలి క్రింది చెక్కను అదరద్రొక్కును. ఆ చప్పుడుతో యుద్ధఘట్టము వచ్చినదని మద్దెలవాడును గ్రహించును, జనమును గ్రహింతురు. బుఱ్ఱకథలో ప్రధాన కథకుని కిరుప్రక్కల డక్కీలు పట్టిన వంతలు నిలుతురు. వారు “తందాన తాన” యని యందుకొన్నంతసేపు కథకుడు ఊపిరి తీసికొని ముందు సంగతి తలచుకొనును. వంత మధ్యలో నడుగు ప్రశ్నయు హాస్యమునకు మాత్రమే కాదు, కథ దారి తప్పకుండుటకు గూడ నుపయోగపడును.

నాటకములు వచ్చిన పిదప ఈ పని యొక ప్రత్యేకోద్యోగమైనది. 1853లో జన్మించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు బళ్ళారిలో సరసవినోదినీ సభను స్థాపించి, 1887లో ‘చిత్రనళీయము’ను ప్రదర్శింపజేసిరి. అనంతపురము జిల్లా 1882లో బళ్ళారి జిల్లానుండి వేరుపడినదే గదా. రెండు సీమల నాటకాభిమానము నొక్కటియే. వారి మేనల్లుడును, 1880లో తాడిపత్రిలో జన్మించినవారును అగు బళ్ళారి రాఘవగారు రాగాలాపనకంటె భావమునకే ప్రాధాన్యమిచ్చి లోకప్రసిద్ధులైరి. ఇట్టి రంగస్థలములపై, ప్రక్కతెర చాటున పుస్తకము చేతబట్టుకొని, నటుడు మరచిన మాటను మెల్లగా నందించువానిని ప్రాంప్టరనిరి. మాట ముందుగా నందించిన నటుని భావము చెడును. ఆలస్యముగా నందించిన సభ చెడును. బిగ్గరగా నందించిన ముందు వరుసలవారు నవ్వుదురు. కావున వేళ, మోతాదు, గోప్యత యను మూడును ప్రాంప్టరునకు ముఖ్యగుణములు. తరువాత వచ్చిన యంత్రమునకు గూడ ఈ మూడే లక్షణములైనవి.

ఇక రేడియో సంగతి. చెన్నపట్టణమున మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు 1924 జూలై 31న ప్రసారము లారంభించి, ధనాభావముచే 1927లో నిలిపివేసినది. 1930లో నగర కార్పొరేషను ఆ పనిని చేపట్టినది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రమును, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రమును వెలసినవి. ఆ తొలినాళ్ళలో స్ఫటికపు సెట్టుతో వినువారు హెడ్‌ఫోను చెవులకు దగిలించుకొని వినుచుండిరి. అమెరికాలోని యూటా రాష్ట్రమున నేథనియల్ బాల్డ్విన్ అను నాతడు 1910లో చేతితో చేసి పంపిన హెడ్‌ఫోనులను ఆ దేశపు నౌకాదళము కొని వాడుకచేసినది. అనగా అప్పుడు ఆ యంత్రము వినువాని నెత్తిన నుండెనేగాని వక్తకు దానితో పనిలేకుండెను. లౌడుస్పీకరు వచ్చి వినువాని తలమీదినుండి దానిని దింపినది. స్టూడియో దానిని మాటాడువాని తలమీద బెట్టినది.

స్టూడియోలో వక్తకు గలిగిన చిక్కేమన, అది చప్పుడు చొరని గది. ఎదుట సభ లేదు, వంత లేడు, ప్రక్కతెర లేదు. నాడు టేపు లేదు గనుక మాటాడినది మాటాడినట్లే ప్రసారమయ్యెడిది. తప్పు దిద్దుకొన నవకాశము లేదు. కాబట్టి ఎఱ్ఱదీపము వెలుగుట, గాజుకిటికీకవతలి యధికారి చేయెత్తుట యనునవే సంకేతములైనవి. లండనులో బి.బి.సి.వారు 1928 ప్రాంతమున నాటకపాత్రధారులను, వాద్యగాండ్రను వేర్వేరు గదులలో గూర్చుండబెట్టి, ఒక్క బల్లయొద్దనుండి ఆ గదుల ధ్వనులన్నింటిని కలుపుచు, దీపసంకేతములతో వారిని నడపిరి. కాని దీపము “మొదలుపెట్టుము” అనగలదేగాని “ప్రశ్న మారినది” యనజాలదు. దానికి మాటయే కావలెను. ఆ మాట మైకులో బడకుండ వక్తకు మాత్రమే వినబడవలెను.

స్టూడియోలో లౌడుస్పీకరు పెట్టినచో నేమగును? దానిలోని ధ్వని మైకులో జొరబడి, మరల స్పీకరులోనికి బోయి, తిరిగి తిరిగి పెరిగి కూత పెట్టును. పెండ్లిపందిరిలో మైకు స్పీకరున కెదురుగా బెట్టినపుడు ఈ కూత మనమందరము వినియున్నాము. అందుచే మైకు తెరచినంతనే స్టూడియో స్పీకరు ఆగిపోవునట్లు అమర్తురు. వక్తకు హెడ్‌ఫోనో, దూరదర్శనిలోనైనచో చెవిలో నిమిడిపోవు చిన్న ఇయర్‌ఫోనో యిత్తురు. దాని తీగ చెవి వెనుకనుండి మెడమీదుగా చొక్కా లోపలికి దిగి, వీపున దాగును. నియంత్రణగదినుండి దానికి ప్రత్యేకమైన తీగ వచ్చును. సాధారణముగా అందులో కార్యక్రమమే వినబడుచుండును; అధికారి మీట నొక్కినపుడు కార్యక్రమపు ధ్వని తగ్గి, ఆతని మాట వినబడును. ప్రసారమునకు ముందే తీగయు మీటయు పరీక్షింపవలెను; ధ్వని తక్కువ మోతాదునుండి మెల్లగా పెంచవలెను; ఒకరి చెవిలో పెట్టినదానిని తుడిచి శుభ్రపరచి గాని వేరొకరి కీయరాదు. మోతాదు మించినచో చెవికిని హాని, ఆ ధ్వని మైకులోనికి గూడ కారును.

ఇందులో నొక మర్మము గలదు. దూరముననున్న వక్తకు కార్యక్రమమంతయు వినిపింపవలెను గాని, ఆతని గొంతు మాత్రము ఆతనికి తిరిగి వినిపింపరాదు. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నున్న ఉపగ్రహముద్వారా మాట పోయి క్రిందికి వచ్చుటకు పావు సెకను పట్టును. తన మాటయే అంత ఆలస్యముగా తన చెవిని బడినచో, ఎంతటి వక్తకైనను నాలుక తడబడును. కావున ఇంజనీర్లు వాని గొంతును మినహాయించి తక్కిన ధ్వనులన్నిటిని వాని చెవికి పంపుదురు. దీనిని వారు మిక్స్ మైనస్ అందురు. మీరు ఫోనులో రేడియో కార్యక్రమమునకు మాటాడునపుడు “మీ రేడియో శబ్దము తగ్గించుడు” అని చెప్పుటయు నిట్టి చిక్కు రాకుండుటకే.

ఇది వట్టి యంత్రవిద్య గాదు. మన అనంతపురము సీమలో ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడును. అదియు నొక యూర కురిసి, పొరుగూర కురియదు. వేరుసెనగ విత్తు వేళ ఒక్క వారము తప్పిన విత్తనము నేలపాలగును. మరల కొనుటకు అప్పు చేయవలెను. పూర్వము నిపుణుడు వ్రాసికొని వచ్చిన కాగితము చదివి పోయెడివాడు. కల్యాణదుర్గమున పదును చాలకున్నను, గుత్తిలో వాన మించినను ఆతని కాగితమొక్కటే. 1991లో అనంతపురమున ఆకాశవాణి కేంద్రము వెలసినది. 2004లో ఆకాశవాణి రైతులకొఱకు కిసాన్ వాణి కార్యక్రమము నారంభించినది. 2008లో జహీరాబాదు మెట్టప్రాంతమున దళితస్త్రీలే నడుపు సంఘం రేడియో గొంతు విప్పినది. ఇట్లు రేడియో రైతు దాపునకు వచ్చినది. ఫోను తీగ స్టూడియోలో చేరిన పిదప, “అయ్యా, మా చేనిలో జానెడు తడి లేదు, విత్తవచ్చునా?” అని రైతు నేరుగా అడుగగలిగెను. ఆ ప్రశ్న నిపుణుని చెవిని బడినది. కాగితమును ప్రక్కన బెట్టి బదులు చెప్పవలసివచ్చినది.

అయినను ఒక్క హెచ్చరిక. చెవిలో మాట వేయు తీగ నీతి నెరుగదు. వేళ తెలుపువాడును, మరచినది గుర్తుచేయువాడును సహాయకులే. వక్త యేమనవలెనో యేమనరాదో యంతయు చెప్పువాడు చెవిలో జేరినచో వక్త తోలుబొమ్మ యగును. తన పాఠము తాను నేర్చిన నటునికే ప్రాంప్టరు తోడగును, నేర్వనివానికి యజమానుడగును. ఇట్లే విషయము నెరిగిన వక్తకే ఈ యంత్రము మేలు చేయును. కావున వినునపుడు ఆ తీగ యావలి కొన నెవరున్నారని యోచింపుడు. అచ్చట మీ యూరి రైతు గొంతునకు చోటు మిగిలినంతకాలము రేడియో మనది. ఈసారి ఫోను కలిసినపుడు మీ రేడియో నాపి, మీ చేని సంగతి దాచక, ప్రశ్న పూర్తిగా నడుగుడు. వినుట కవతల నొక చెవి సిద్ధముగా నున్నది.