నీళ్లు తాగిన బండి

చిత్తూరు గ్రీమ్స్‌పేటలోని ఆ షెడ్డులో మెకానిక్ ముందుగా బానెట్ ఎత్తలేదు. డ్రైవర్ సీటు పక్కన గొంతుక్కూర్చుని సీటు బెల్టు పట్టుకుని లాగాడు. మనం పెట్టుకునేంత మేర లాగి ఆగలేదు, లోపలి చుట్ట పూర్తిగా అయిపోయేదాకా లాగాడు. చివరి మూరెడు పట్టీ రంగు మారి ఉంది. దాని మీద అడ్డంగా ఒక మట్టిచార. గోటితో గీరితే బూడిదరంగు పొడి రాలింది.

“అక్కా, ఈ బండి నీళ్లు తాగుండాది,” అన్నాడు.

“వానలో తడిసిందా?” అడిగింది టీచరమ్మ.

“తడిసేది కాదక్కా, మునిగుండాది. సీట్లు మారుస్తారు, మ్యాట్లు మారుస్తారు, సెంటు కొడతారు. బెల్టును ఇంత దూరం లాగి ఎవురూ కడగరు.”

ఆ తర్వాత సీటును వెనక్కి జరిపి, అది జారే పట్టాల కింద టార్చి వేశాడు. బోల్టుల తలలు తుప్పు పట్టి ఉన్నాయి. పై కవర్లు మాత్రం కొత్తవి. ఫ్యూజ్ బాక్సు మూత తీస్తే మూలల్లో అదే బూడిద రంగు. వెనక డిక్కీలో స్టెపినీ ఎత్తితే ఆ గుంటలో ఎండిన ఒండ్రు. పక్కన నిలబడిన ఆమె తమ్ముడు ఒక్కొక్కటీ ఫోన్లో ఫొటో తీస్తూ పోయాడు.

సెకండ్ హ్యాండ్ బండ్ల వ్యాపారంలో జరిగేదాన్ని ఒక ఇంటి చుట్టూ కూర్చి చెబుతున్న కథనం ఇది. మనుషుల పేర్లు, దుకాణం పేరు, బండి కంపెనీ రాయడం లేదు. మాటలు మళ్లీ కూర్చినవి. తుఫాను, తేదీలు, చట్టాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

తిరుపతిలో ఉండే ఆ టీచరమ్మ 2024 వేసవిలో కారు కొంది. తల్లిని తరచూ స్విమ్స్ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఎండలో ఆటోలో ఆ ముసలి ప్రాణాన్ని తిప్పలేక, దాచుకున్న డబ్బుకు సొసైటీ లోను కలిపి, రేణిగుంట రోడ్డు వైపు ఒక కార్ కన్సల్టెన్సీకి వెళ్లింది. తమిళనాడు నంబరు బండి, 2019 మోడల్, మీటర్ మీద 38 వేల కిలోమీటర్లు. తెల్లగా మెరుస్తోంది.

“ఫస్ట్ ఓనర్ మేడమ్. చెన్నైలో పెద్ద ఉద్యోగస్తుడు వాడినాడు. పూర్తిగా షోరూం ట్రాక్. ఇట్లాంటి బండి మళ్లీ దొరకదు.”

“సర్వీసు బుక్కు ఉందా?”

“బుక్కు యాడో పెట్టేసినారంట మేడమ్. హిస్టరీ తీపిచ్చి వాట్సాప్‌లో పంపిస్తాను.”

తిరుపతిలో తమిళనాడు, కర్ణాటక నంబర్ల బండ్లు కొత్త కాదు. చెన్నై పొద్దున వెళ్లి రాత్రికి తిరిగిరాగల దూరం. అక్కడి బండ్లు ఇక్కడికి రావడం, ఎన్‌వోసీ తెప్పించి, లైఫ్ ట్యాక్స్ కట్టి, ఏపీ నంబరు వేయించడం ఏళ్లుగా నడుస్తున్న వ్యాపారమే. ఇందులో నిజాయితీగా బతికేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. బండి గుట్టంతా విప్పిచెప్పి అమ్మే ముసలి బ్రోకర్లను నేను తిరుచానూరు రోడ్డులో చూశాను. అందుకే వాళ్ల మాటకు విలువ. ఆ విలువను వాడుకునే మరొకడి మాటను మనం నమ్మేదీ అందుకే.

వాట్సాప్‌లో హిస్టరీ రాలేదు. అడిగినప్పుడల్లా “రేపు మేడమ్” అనే జవాబు. ఆన్‌లైన్లో ఎన్‌వోసీకి పెట్టామన్నాడు. బండి బాగానే నడుస్తోంది కాబట్టి ఆమె కూడా పట్టుబట్టలేదు.

వానలు మొదలయ్యాక ఒక్కొక్కటీ బయటపడింది. పవర్ విండో ఒకటి సగంలో ఆగిపోయింది. ఏసీ వేస్తే చెరువు వాసన. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ గుర్తు వెలిగి ఆరలేదు. మునిగిన బండితో వచ్చే చిక్కే ఇది. ఇంజిను కడిగి, నూనెలు మార్చి, స్టార్ట్ చేసి చూపించొచ్చు. వైరింగు జాయింట్ల లోపలికి చేరిన తేమ మాత్రం నెలల తరబడి రాగిని తింటూనే ఉంటుంది. ఎయిర్‌బ్యాగును నడిపే పెట్టె చాలా బండ్లలో సీట్ల మధ్య, నేలకు దగ్గరగా ఉంటుంది. నీళ్లు ముందు చేరేది అక్కడికే. ప్రమాదంలో అది పనిచేస్తుందో లేదో ప్రమాదం జరిగేదాకా ఎవరూ చెప్పలేరు. పక్క సీటులో కూర్చునేది ఆమె తల్లి. నాకు ఈ మొత్తం వ్యవహారంలో మనసు మండేది ఇక్కడే. డబ్బు పోతే పోయింది అనుకోవచ్చు, ఇది అట్లా అనుకోగలిగింది కాదు.

మొదట ఆమె తిరుపతిలోనే ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లింది. అడ్వైజర్ కుర్రాడు ఛాసిస్ నంబరు కొట్టాడు. దేశంలో ఏ అధీకృత వర్క్‌షాప్‌లో సర్వీసు చేయించినా, ఆ కంపెనీ కంప్యూటర్లో జాబ్ కార్డుల వరస వస్తుంది. వచ్చింది కూడా. స్క్రీన్ వైపు చూసిన ఆ కుర్రాడి ముఖం మారడం ఆమె గమనించింది.

“మేడమ్, ఆర్సీ మీ పేరున ఉండాదా?”

“ఇంకా మారలేదు. ఎన్‌వోసీ రావాలన్నారు.”

“అట్లయితే ప్రింటు ఇచ్చేదానికి లేదు మేడమ్. ఓనరు అడిగితేనే ఇస్తాం.” ఒక క్షణం ఆగి మెల్లగా అన్నాడు: “పేరు మార్చుకునే ముందర బండిని తెలిసిన మేస్త్రీకి ఒకసారి చూపించండి.”

ఆ కుర్రాడు నిబంధన దాటలేదు, మనిషిగా చెప్పాల్సింది మాత్రం చెప్పాడు. అలా ఆమె చిత్తూరులో ఫైనాన్స్ కంపెనీలో పనిచేసే తమ్ముడి దగ్గరికి, అక్కడి నుంచి గ్రీమ్స్‌పేట షెడ్డుకు చేరింది.

బండి చరిత్ర తెలిస్తేనే కొనాలా వద్దా తేల్చుకోగలం. ఆ చరిత్ర మాత్రం కొని, డబ్బు కట్టి, పేరు మారాకే చేతికొస్తుంది. బ్రిటన్‌లో బండి నంబరు కొడితే చాలు, ప్రభుత్వ వెబ్‌సైట్లో ఏటేటా బండి కండిషను తేల్చే ఎంవోటీ పరీక్షల ఫలితాలు, అప్పటి మీటర్ రీడింగులు ఎవరికైనా ఉచితంగా కనిపిస్తాయి. అమెరికాలో మీటర్ తిప్పడాన్ని నిషేధిస్తూ 1972లోనే కేంద్ర చట్టం తెచ్చారు. వరదలో పాడైన బండికి అక్కడి చాలా రాష్ట్రాలు యాజమాన్య పత్రం మీదే ఆ ముద్ర వేస్తాయి. మన ఆర్సీ మీద రంగు రాస్తారు, సీట్లెన్నో రాస్తారు, ఇంజిను నంబరు రాస్తారు. మునిగిందని రాసే గడి లేదు.

ఆ రాత్రి తమ్ముడు ఇంట్లో కాగితాలన్నీ పరిచాడు.

“అక్కా, ఇన్సూరెన్స్ చూడు. థర్డ్ పార్టీ ఒక్కటే. అదీ 2024 ఫిబ్రవరిలో కొత్తగా తీసింది.”

“అయితే ఏమి?”

“అంత పద్ధతిగా షోరూంలో సర్వీసు చేయించే ఆసామి ఫుల్ ఇన్సూరెన్స్ ఎందుకు వదిలేసినాడు? మధ్యలో గ్యాప్ వస్తే ఫుల్ పాలసీకి బండిని చూసి, ఫొటోలు తీసి గానీ ఇవ్వరు. థర్డ్ పార్టీకైతే బండిని ఎవురూ చూడరు.”

తర్వాత కొనుగోలు రోజున ఇచ్చిన ఫారం 29, ఫారం 30 తీశాడు. అమ్మేవాడి సంతకం ఉంది, తేదీ ఖాళీ. కొనేవాడి పేరు దగ్గర టీచరమ్మ పేరు వేరే సిరాతో ఉంది. బండి చేతులు మారినా ఎవరి పేరూ ఎక్కించకుండా, మొదటి ఓనరు సంతకాలతోనే తిప్పే పాత పద్ధతి ఇది. అందుకే కన్సల్టెన్సీవాడు ‘ఫస్ట్ ఓనర్’ అన్న మాట కాగితం మీద అక్షరాలా నిజం.

చిరునామా చదివాడు తమ్ముడు. చెన్నై, పల్లికరణై.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. 2023 డిసెంబరు 3, 4 తేదీల్లో మిచౌంగ్ తుఫాను చెన్నైని ముంచెత్తింది. 4న విమానాశ్రయం మూతపడింది. 5న ఆ తుఫాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. పల్లికరణై చెన్నైకి దక్షిణాన ఉన్న పెద్ద చిత్తడి నేల. 2022లో దానికి అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. నీళ్లు నిలవాల్సిన ఆ చోటు చుట్టూ ఇళ్లు లేచాయి. తుఫాను రోజు ఆ ప్రాంతంలో ఒక అపార్ట్‌మెంటు పార్కింగులోంచి కార్లు ఒకదాని వెనక ఒకటి కొట్టుకుపోతున్న వీడియో దేశమంతా చూసింది. టీచరమ్మ కూడా టీవీలో చూసింది, అయ్యో పాపం అనుకుంది.

తిరుపతికి ఇది తెలియని బాధ కాదు. 2021 నవంబరు 18, 19 తేదీల్లో ఇదే ఊళ్లో వీధులు ఏరులయ్యాయి. మన బండ్లు కూడా ఎక్కడెక్కడికి పోయి ఎవరి ఇళ్ల ముందు మెరుస్తున్నాయో!

కాగితం మీదున్న నంబరుకు తమ్ముడే ఫోన్ చేశాడు. చిత్తూరులో పుట్టినవాడికి అరవం వేరే నేర్చుకోనక్కర్లేదు. అవతలి పెద్దాయన ముందు అనుమానంగా మాట్లాడాడు. బండి నంబరు చెప్పగానే గొంతు మారింది.

“ఆ బండి ఇంకా నడుస్తోందా?” అన్నాడు తమిళంలో.

నీళ్లు డ్యాష్‌బోర్డు దాకా వచ్చాయట. టోయింగు వ్యాన్ మీద వర్క్‌షాప్‌కు తీసుకెళ్తే ఎస్టిమేటు బండి విలువను మించింది. రిపేరు ఖర్చు, పాలసీలో బండికి కట్టిన విలువ (ఐడీవీ)లో 75 శాతం దాటితే బీమా సంస్థలు టోటల్ లాస్ కింద లెక్క తేలుస్తాయి. ఆయనకూ డబ్బు వచ్చింది. శిథిలాన్ని వేలంలో కొన్నామంటూ మనుషులు వచ్చారు, కాగితాల మీద సంతకాలు తీసుకుని బండిని తీసుకెళ్లారు. తుక్కుకు పోయిందనుకున్నాడు.

“ఆర్సీ ఇప్పటికీ మీ పేరునే ఉండాది సార్,” అన్నాడు తమ్ముడు.

పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. ఆయన భయం న్యాయమైంది. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనరని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో తేల్చిచెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా సరే. ఇన్ని నెలలుగా తిరుపతి రోడ్ల మీద ఆ కారు ఎవరినైనా గుద్ది ఉంటే, నోటీసు పల్లికరణైకి పోయేది.

దారి కూడా అక్కడే తెరుచుకుంది. కాగితం మీద ఆయనే ఓనరు కాబట్టి, రికార్డు అడిగే హక్కూ ఆయనదే. ఆ పెద్దాయన వర్క్‌షాప్‌కు వెళ్లి సర్వీసు చరిత్ర మొత్తం తీయించి, బీమా సంస్థ ఉత్తరంతో కలిపి పంపాడు. జాబ్ కార్డుల్లో చివరిది 2023 డిసెంబరుది. వరద నీరు, స్టార్ట్ కాదు, టోయింగులో వచ్చింది అని రాసి ఉంది. దానికి ముందు సర్వీసులో మీటర్ రీడింగు 61 వేలు దాటింది. టీచరమ్మ కొన్నప్పుడు 38 వేలు. నీళ్లు తాగిన బండికి మీటర్ కూడా తిప్పారు.

కాగితాలు నోరు విప్పితే ఎంత దూరమైనా పోతాయి. తుక్కు కింద అమ్మిన పాత కాలుష్య ప్రమాణాల (బీఎస్-3) లారీలను నాగాలాండ్‌లో బీఎస్-4గా రిజిస్టర్ చేయించారనే కేసు 2020లో అనంతపురం జిల్లాను కుదిపినప్పుడు, అధికారులకు ఆధారమైంది తయారీ సంస్థ దగ్గరి ఛాసిస్ నంబర్ల లెక్కే. అక్కడ ప్రభుత్వం అడిగింది కాబట్టి లెక్క వచ్చింది. టీచరమ్మకు ఒక అపరిచితుడి మంచితనం వల్ల వచ్చింది. ఇలా మంచితనం మీద ఆధారపడాల్సి రావడం నాకు మింగుడుపడదు.

ఫైలు చంకన పెట్టుకుని అక్కాతమ్ముళ్లు కన్సల్టెన్సీకి వెళ్లారు.

“మాకేం తెలుసు మేడమ్? మేమూ ఇంకొకరి దగ్గర కొన్నాం.”

“తెలీదా?” అంది టీచరమ్మ. “అయితే కాణిపాకం పోదాం పదన్నా. కోనేట్లో మునిగి, సామి ముందర నిలబడి, ఈ బండి మునిగిన సంగతి నాకు తెలియదని చెప్పు. బండి కూడా నీకే వదిలేస్తా, దుడ్డూ అడగను.”

ఈ రెండు జిల్లాల్లో ఆ మాట ఊరికే అనేది కాదు. అప్పులు, పొలం గట్లు, దొంగతనాలు, ఎన్నో తగాదాలు ఆ వరసిద్ధి వినాయకుడి ముందు తేలాయని ఇక్కడివాళ్ల నమ్మకం. కన్సల్టెన్సీ ఆసామి కుర్చీలోంచి లేచాడు గానీ నోరు మెదపలేదు. లోపల లెక్కలు రాసుకునే ఆయన తండ్రి తలెత్తి కొడుకు వైపు చూశాడు.

తమ్ముడు చట్టం మాట అందుకున్నాడు. 2022 డిసెంబరు 22న కేంద్రం నోటిఫై చేసి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనల ప్రకారం పాత బండ్ల డీలరుకు రిజిస్టరింగ్ అథారిటీ దగ్గర అధీకృత పత్రం ఉండాలి. బండి డీలరు చేతికి వచ్చిన సంగతి ఆన్‌లైన్లో నమోదు కావాలి, దాని బాధ్యత డీలరు తీసుకోవాలి, ఎక్కడికి తిప్పినా రిజిస్టరు రాయాలి. “ఆ పత్రం చూపించన్నా,” అన్నాడు. చూపించలేదు. 2019 వినియోగదారుల చట్టం కింద, కొన్నవాళ్లు తాము ఉండే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, రెండేళ్ల గడువు ఉంటుంది, ఐదు లక్షల లోపు చెల్లింపుకు ఫీజు కూడా లేదు. నోటీసు ముసాయిదా బల్ల మీద పెట్టాడు.

“కోర్టులదాకా ఎందుకులే నాయనా,” అన్నాడు లోపలి ముసలాయన. “బండి ఇచ్చేసి దుడ్డు తీసుకుపోండి.”

టీచరమ్మ ఒప్పుకుంది. అయితే ఒక షరతు పెట్టింది. రసీదులో ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు రాయాలి. వరదలో మునిగి బీమా సంస్థ టోటల్ లాస్‌గా తేల్చిన బండి అని రాయాలి. మీటర్ మీద కనిపించేది అసలు రీడింగు కాదని రాయాలి. సంతకం పెట్టిన ఫారాలు తిరిగి ఆ పెద్దాయనకే పోవాలి. కన్సల్టెన్సీవాడు చాలాసేపు గొణిగాడు. అలా రాసిస్తే ఆ బండిని ఇంకొకరికి అమ్మలేడు. ఆమెకు కావలసిందీ అదే. డబ్బు ముందు పెట్టి, రాత తర్వాత చూద్దామన్నా ఆమె కదల్లేదు. చివరికి ముసలాయనే పెన్ను తీసుకుని రాశాడు.

రసీదు నకలు, ఫారాలు రిజిస్టర్ పోస్టులో చెన్నై వెళ్లాయి. బండి ధ్వంసమైతే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అథారిటీకి చెప్పాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ అంటుంది. తుక్కుకు పోయిందన్న మాట నమ్మి ఆ పెద్దాయన చెప్పలేదు. ఇప్పుడు బీమా సంస్థ ఉత్తరాన్నీ, తిరుపతి రసీదునూ జతచేసి, ఆలస్యానికి కారణం రాసి, ఆ ఛాసిస్ నంబరు మీద ఉన్న ఆర్సీని రద్దు చేయమని తన ఆర్టీవో ఆఫీసులో అర్జీ పెట్టాడు.